కొండకు మొన లేదు మేడం: తిరుపతి, చిత్తూరు జిల్లాల హెడ్మాస్టర్లకు ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులకు,

నమస్కారం. మీలో కొందరికి నేను గుర్తుండే ఉంటాను. ఆగస్టు 14 సాయంత్రం చీకటి పడేదాకా స్టేజీ వెనక గుడ్డకు థర్మాకోల్ అక్షరాలు గుచ్చుతూ కూర్చునే డ్రాయింగ్ మేడంని నేనే. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు రెండూ పాసై, వేసవిలో టీటీసీ అనే టీచర్ శిక్షణ చేసి, ఈ ప్రాంతంలో 26 ఏళ్లు పిల్లలకు బొమ్మలు నేర్పాను. మొదట ప్రైవేటు స్కూళ్లలో, తర్వాత పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టరుగా సర్కారు బళ్లలో. నేను పనిలో చేరినప్పుడు అంతా చిత్తూరు జిల్లానే. 2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరే జిల్లా అయింది కాబట్టి ఇప్పుడు రెండు జిల్లాల వారికీ కలిపి రాస్తున్నాను. రాసేదేదో మంత్రిగారికి రాయొచ్చు కదా అని మా ఇంట్లో అన్నారు. కానీ టైమ్‌టేబుల్ వేసేది మీరు. అందులో పెన్సిల్‌తో రాసిన ‘డ్రాయింగ్’ అనే మాటను రబ్బరుతో చెరిపేదీ మీరే. అందుకని మీకు.

ముందు ఒక సంగతి చెబుతాను.

తిరుపతిలో ఒక హైస్కూలు. ఆరో తరగతి గది కిటికీలోంచి చూస్తే ఒక వేపచెట్టు, నీళ్ల ట్యాంకు, వాటి వెనక శేషాచలం కొండలు. జూలైలో ఒక రోజు పిల్లలతో ‘కొండ బొమ్మ గీయండి’ అన్నాను. ఇంకేమీ చెప్పలేదు. పీరియడ్ అయ్యేసరికి 42 కాగితాలు వచ్చాయి. ఇంటికి తెచ్చుకుని మంచం మీద పరిచాను. 39 కాగితాల్లో ఒకటే బొమ్మ. రెండు త్రికోణాలు, వాటి సందులోంచి సగం సూర్యుడు, సూర్యుడి చుట్టూ గీతలు, కింద మెలికలు తిరిగే ఏరు, ఏటి పక్కన పూరిల్లు, ఒక కొబ్బరిచెట్టు, ఆకాశంలో మూడు అంకెను పడుకోబెట్టినట్టు నాలుగు పక్షులు.

ఇవి ఏ ఊరి కొండలు? మన కొండలకు మొన ఎక్కడుంది? పైన కోటగోడలాగా నిటారుగా రాయి, ఆ రాతిలో అడ్డంగా పొరలు, దాని కింద పొదలతో నిండిన వాలు. పై అంచు దాదాపు చదును. పైగా కొండలు ఊరికి ఉత్తరాన ఉన్నాయి, సూర్యుడు ఆ సందులోంచి ఏ రోజూ లేవడు. ఇక ఏరంటారా, స్వర్ణముఖిలో నీళ్లు పారే రోజులు వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు. తల తిప్పితే కనబడే కొండను వదిలేసి, పిల్లలు ఎక్కడా లేని కొండను అంత నమ్మకంగా గీశారు.

మిగిలిన మూడు కాగితాల్లో ఒకదాని మీద నీళ్ల ట్యాంకు, దాని వెనక కొంచెం కొండ ఉన్నాయి. ఇంకొకటి నిండా కోతులు. మూడోది ఖాళీ. ఆ పిల్లవాడు పీరియడంతా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. వాణ్ణి ఆ రోజు నేను తిట్టాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ రోజు చేయాల్సిన పని సరిగ్గా చేసింది వాడొక్కడే అనిపిస్తుంది.

తప్పు పిల్లలది కాదు. ఆ రెండు త్రికోణాలు ఎల్‌కేజీలోనో ఒకటో తరగతిలోనో ఎవరో బోర్డు మీద వేసి చూపించారు. అప్పుడు అదే వేశారు, మూడులో అదే, ఆరులో అదే. పదో తరగతిలో అడిగినా అదే వేస్తారు. నేను అడిగి చూశాను కూడా. తెలుగు పాఠం అక్షరాలతో మొదలై పదేళ్లలో పద్యం దాకా వెళుతుంది. లెక్కలు పుల్లలు లెక్కపెట్టడం దగ్గర మొదలై త్రికోణమితి దాకా వెళతాయి. బొమ్మ మాత్రం చేరిన చోటే కూర్చుని ఉంటుంది. మన బళ్లలో బొమ్మకు పై తరగతి లేదు. ఈ ఉత్తరం రాయడానికి కారణం ఇదొక్కటే.

చట్టాల గురించి ఎక్కువ రాయను, మీకు నాకంటే బాగా తెలుసు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లోనే ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి పైగా పిల్లలుంటే కళావిద్యకు పార్ట్‌టైమ్ బోధకులు ఉండాలని రాసి ఉంది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక కళను పదో తరగతి దాకా తప్పనిసరి చేయమంది. 2020 విద్యావిధానమూ అదే పాట పాడింది. మన రిజిస్టర్లలో ‘కళలు, సాంస్కృతిక విద్య’ అని ఒక గడి ఉంది. ఆ గడిలో అందరికీ వరసగా ‘ఏ’ గ్రేడు పడుతుంది. దొంగతనం ఒప్పుకున్నట్టు ఒప్పుకుంటున్నాను, ఆ ‘ఏ’ గ్రేడుల్లో కొన్ని వేలు నా చేత్తో వేసినవే. ఎస్‌ఏ పరీక్షల హడావిడిలో ఒక మధ్యాహ్నం కూర్చుని, పిల్లవాడి మొహం కూడా గుర్తు లేకుండా వేసేశాను.

వేయక ఏం చేయను? ఒక స్కూల్లో (పేరు వద్దు, ఆ ఊరూ వద్దు) సంవత్సరం మొత్తంలో ఎనిమిదో తరగతికి నేను క్లాసు చెప్పింది పదకొండు సార్లు. మిగిలిన పీరియడ్లలో లెక్కల సారు సిలబస్ పూర్తి చేసుకున్నారు. ఆయన్ని తప్పు పట్టను. ఆయన టెన్షన్ ఆయనది. ‘మేడం, మీరు ఎటూ ఖాళీనే కదా’ అన్నప్పుడు మాత్రం నొచ్చుకున్నాను. ఆ ఖాళీలో నా చేత మధ్యాహ్న భోజనం మెనూ బోర్డు, టాయిలెట్ మీద బాణం గుర్తు, వచ్చిన ప్రతి అధికారికీ స్వాగతం రాయించుకున్నారు. రాత బాగుంటుందని పేరు వచ్చింది. బొమ్మ చెప్పించుకున్న పిల్లలు మాత్రం తక్కువ.

ఇక అసలు విషయం. పిల్లల చెయ్యి ఏటేటా మారుతుంది. చెయ్యే కాదు, చూపూ మారుతుంది. ఒకటో తరగతికి చెప్పింది ఏడో తరగతికి చెబితే ఆవలిస్తారు, ఏడో తరగతికి చెప్పాల్సింది ఒకటికి చెబితే ఏడుస్తారు. ఆస్ట్రియాలో పుట్టి పెరిగి అమెరికా వెళ్లిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ అనే ఆయన 1947లోనే దీన్ని దశలుగా విడదీసి చెప్పారు. పిచ్చిగీతల దగ్గర మొదలై, తల కాళ్లు మాత్రమే ఉండే మనుషులు, ఆ తర్వాత నేలగీత మీద వరసగా నిలబడే బొమ్మలు, తొమ్మిదేళ్లు దాటాక ‘ఉన్నది ఉన్నట్టు రావాలి’ అనే పట్టింపు. వయసుల లెక్క మన పిల్లల దగ్గర ఒకటి రెండేళ్లు అటూ ఇటూ అవుతుంది, కానీ వరస అదే. నేను ఆయన పేరు విన్నది చాలా ఆలస్యంగా. అప్పటికే పిల్లలు నాకు చాలావరకు చెప్పేసి ఉన్నారు.

పలమనేరు వైపు ఒక ప్రాథమిక పాఠశాలలో రెండో తరగతి పాప ‘మా ఇల్లు’ గీసింది. ఇంటికంటే వాళ్ల అవ్వ పెద్దగా ఉంది, తల కాగితం పై అంచుకు తగిలింది. మూలన అగ్గిపుల్లంత మనిషి. ‘ఎవరు బంగారూ ఇది?’ అంటే, ‘మా నాయన మేడం. బెంగుళూరులో ఉండాడు. ఆదివారం వస్తాడు’ అంది. ‘మరి అవ్వ ఇంత పెద్దగా ఉందేం?’ అన్నాను. ‘అవ్వే కదా మేడం నాకు అన్నం పెట్టేది’ అంది, ఇది కూడా తెలీదా అన్నట్టు చూసి. ఆ బొమ్మలో కొలతలు తప్పాయని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ వయసులో పెద్దది అంటే ముఖ్యమైనది అని. అలాగే ఆర్టీసీ బస్సు గీస్తే పక్క రేకు ఉండదు, లోపల కూర్చున్నవాళ్లందరూ, టికెట్లు కొట్టే కండక్టరూ కనిపిస్తారు. అది తప్పు కాదు, వాడికి తెలిసిందంతా చెబుతున్నాడు.

ఒకటి రెండు తరగతుల్లో టీచరు చేయాల్సింది చాలా తక్కువ. పెద్ద కాగితం ఇవ్వాలి, లేకపోతే సుద్దముక్క ఇచ్చి వరండా నేల మీద వదలాలి. ‘ఇందులో ఏం జరుగుతోందో చెప్పు’ అని అడిగి, వాడు చెప్పే కథ వినాలి. అచ్చేసిన ఆపిల్ పండు ఇచ్చి గీత దాటకుండా ఎర్రరంగు నింపమనొద్దు. అందులోనూ మనది మామిడి జిల్లా. మా పిల్లల్లో ఆపిల్ చెట్టు చూసినవాళ్లు ఒక్కరూ లేరు. తోతాపురి కాయ ముక్కు ఎటు వంగుతుందో మాత్రం కళ్లు మూసుకుని చెబుతారు. ఈ తరగతులకు డ్రాయింగ్ టీచర్ అక్కర్లేదు కూడా. ఉన్న టీచరమ్మ చాలు, బొమ్మ మీద చెయ్యి చేసుకోకుండా ఉంటే.

మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు వరస ఇష్టం, లెక్క ఇష్టం, ఒకేలాంటివి పక్కపక్కన పేర్చడం ఇష్టం. అందుకు ముగ్గును మించిన పాఠం నాకు కనబడలేదు. పదిహేను చుక్కలు, సందు చుక్క, ఎనిమిది వచ్చేదాకా. ఇంట్లో అమ్మలు అనే మాటే ఇది. ఐదో తరగతిలో బోర్డు మీద చుక్కలు పెట్టి మొత్తం ఎన్నో చెప్పమన్నాను. కొందరు ఒక్కొక్కటే లెక్కపెట్టారు, తప్పారు. ఒకడు పై సగం కూడి రెండింతలు చేసి మధ్య వరస కలిపాడు. 169. ఆ రోజు నేను కూడా లెక్కల సారు పీరియడ్ కొంచెం వాడుకున్నట్టే. నగరి, పుత్తూరు వైపు తమిళం మాట్లాడే ఇళ్ల పిల్లలు మెలికల ముగ్గులు తెస్తారు. గీత చుక్కను తాకకుండా చుట్టూ తిరిగి, మొదలుపెట్టిన చోటికే వస్తుంది. చెయ్యి ఎత్తకుండా దాన్ని పూర్తి చేయడానికి నాకే రెండు సార్లు పట్టింది. ముగ్గు ఆడపిల్లల పని అని మగపిల్లలు మొదట్లో నవ్వుతారు. నవ్వనిచ్చి, పిండి చేతికివ్వండి. బొటనవేలు, చూపుడువేలు మధ్యనుంచి సన్నగా, ఆగకుండా గీత జార్చడం ఎంత కష్టమో తెలిసొస్తుంది.

రంగుకు, మే నెలలో జనం రోజుకో వేషం కట్టే తిరుపతి గంగమ్మ జాతర ఉండనే ఉంది. బడి జూన్‌లో తెరిచేసరికి తిరుపతి పిల్లల కళ్లలో జాతర ఇంకా ఆరి ఉండదు. బైరాగి వేషానికి ఒంటి నిండా నామకొమ్ము తెలుపు, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి చందనం. నాలుగు రంగులు, నాలుగూ అంగట్లోనో పొయ్యి దగ్గరో దొరికేవే. ఈ నాలుగింటితోనే బొమ్మ వేయండి అంటే పిల్లలు ఎగిరి గంతేస్తారు. పసుపులో సున్నం కలిపితే ఎరుపు ఎలా వస్తుందో చూపించిన రోజు గది ఆగమాగం అయింది, యూనిఫాం మీద మరకలకు ఇద్దరు తల్లులు వచ్చి నన్ను అడిగారు. పాత చొక్కా ఒకటి తెచ్చుకోమని ముందే చెప్పి ఉండాల్సింది. ఆ తప్పు నాదే.

ఇంతవరకు తేలిక. ఆ తర్వాతే చిక్కు. ఆరో తరగతి మధ్యలో ఎక్కడో, ఏడులో ఖాయంగా, నిన్నటిదాకా తోచిందల్లా గీసిన పిల్ల పెన్సిల్ కింద పెట్టి ‘నాకు రాదు మేడం’ అంటుంది. ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఏదో బండి వెళ్లిపోయినట్టు ఉండేది. ఆ వయసులో కన్ను చేతికంటే ముందుకు వెళుతుంది. గీసింది తప్పుగా ఉందని తనకే కనిపిస్తుంది, ఎలా సరిచేయాలో తెలీదు. చెప్పేవాళ్లు లేరు. పక్కన ఒకడు హీరో బొమ్మ అచ్చుగుద్దినట్టు దించేస్తే క్లాసంతా వాడి చుట్టూ చేరుతుంది. వాడు ‘ఆర్టిస్ట్’, మిగతా నలభైమంది ‘రానివాళ్లు’. అక్కడితో ముగుస్తుంది. ఆ నలభైమంది పెద్దయ్యాక టీచర్లవుతారు, హెచ్‌ఎంలవుతారు, ‘నాకు బొమ్మలు రావండి’ అని నవ్వుతూ చెబుతారు. మీలో ఎంతమంది ఆ మాట నాతో అన్నారో లెక్క పెట్టుకోలేదు గానీ, చాలామందే.

మన బళ్లలో డ్రాయింగ్ పీరియడ్ చెరిపేసేది సరిగ్గా ఇక్కడే. పిల్లలకు నిజంగా పాఠం కావాల్సిన మూడేళ్లలోనే.

ఆ మూడేళ్లలో నేర్పాల్సింది చెయ్యి తిప్పడం కంటే చూడటం. నేను చెంబుతో మొదలుపెట్టేదాన్ని. టేబుల్ మీద ఇత్తడి చెంబు పెట్టి గీయమంటే అందరూ మూతిని గుండ్రంగా, అడుగును స్కేలు పెట్టి గీసినట్టు వేస్తారు. మూతి గుండ్రం అని వాళ్లకు తెలుసు, కాబట్టి కనిపించకపోయినా గుండ్రమే. అప్పుడు చెంబును నెమ్మదిగా పైకెత్తి వాళ్ల కళ్ల ఎత్తుకు తెచ్చేదాన్ని. గుండ్రం కోడిగుడ్డవుతుంది, కోడిగుడ్డు సన్నబడుతుంది, కళ్లకు సమానంగా వచ్చేసరికి గీతైపోతుంది. ‘అయ్యో, మూతి పోయింది మేడం’ అని ఒకడు అరిచాడు. చూపుకోణం గురించి నేను ఎన్ని మాటలు చెప్పినా ఆ అరుపు వచ్చేది కాదు.

ఇంకోటి, ఎడమ చెయ్యిని చూస్తూ కాగితం వైపు చూడకుండా గీయడం. మొదటిసారి వచ్చేది చెయ్యిలా ఉండదు, అల్లం కొమ్ములా ఉంటుంది. అందరిదీ అల్లమే కాబట్టి ఎవరూ సిగ్గుపడరు. నవ్వుల మధ్య చూస్తే, ఆ అల్లంలో వేలి కణుపు దగ్గర ముడతలు అచ్చంగా వచ్చి ఉంటాయి. రబ్బర్లన్నీ నా టేబుల్ మీద పెట్టించేదాన్ని. తప్పు గీత పక్కనే ఒప్పు గీత వేయాలి, చెరపకూడదు. ఈ నియమం మీద పిల్లలకంటే తల్లిదండ్రులే ఎక్కువ గొడవ చేశారు, నోటుబుక్కు మురికిగా ఉందని.

కొండ దగ్గరికి మళ్లీ వస్తాను. ఆ 42 కాగితాలు వచ్చిన రెండు వారాలకు పాత పెళ్లి శుభలేఖలు తెమ్మని పిల్లలకు చెప్పాను. ఒక్కో కార్డు మధ్యలో అగ్గిపెట్టెంత కిటికీ కోశాం. ఆ కిటికీ కంటికి దగ్గరగా పెట్టుకుని, ఒక కన్ను మూసి, నిజం కిటికీలోంచి కొండను చూడాలి. పది నిమిషాలు. పెన్సిల్ ముట్టుకోకూడదు. మొదటి మూడు నిమిషాలు గుసగుసలు, తోపులాట. తర్వాత మెల్లగా ఒక్కొక్కరూ సద్దుమణిగారు. వెనక బెంచీ అమ్మాయి ఒకతి, అప్పటిదాకా నా క్లాసులో నోరు విప్పనిది, ఉన్నట్టుండి ‘కొండకు మొన లేదు మేడం’ అంది. ఇంకొకడు ‘ట్యాంకు కొండకంటే పెద్దగా కనిపిస్తోంది’ అన్నాడు. ‘రాయి నల్లగా కాదు, నీలంగా ఉంది’, ‘కాదురా, కింద ఎర్రగా ఉంది’. రోజూ చూసే కొండ గురించి వాదులాడుకుంటున్నారు. అప్పుడు పెన్సిళ్లు ఇచ్చాను.

వచ్చిన బొమ్మలు గొప్పవేం కావు. కొన్ని కొండలు పాత గోడల్లా, కొన్ని కోసిన బ్రెడ్డులా ఉన్నాయి. కానీ 42 బొమ్మలూ 42 రకాలుగా ఉన్నాయి. సూర్యుడు ఒక్కదాంట్లోనూ లేడు. ఇద్దరికి మాత్రం చెయ్యి ఆగక కొబ్బరిచెట్టు పెట్టారు. అలవాటు ఒక్క రోజులో పోదు కదా.

తొమ్మిది, పది గురించి అడగడానికి నాకు ధైర్యం చాలదు, పబ్లిక్ పరీక్షల ముందు నేనేం నిలబడతాను? అయినా ఒక్కటి అడుగుతాను. బయాలజీలో గుండె బొమ్మ గీసి భాగాలు గుర్తించమంటారు. పిల్లలు దాన్ని పద్యంలా బట్టీ పడతారు, ఒక గీత మరిచిపోతే మొత్తం పోతుంది. చెంబును చూసి గీయడం నేర్చిన పిల్లకు ఆ బాధ ఉండదు. మీకు మార్కుల భాషే కావాలంటే అందులోనే చెబుతున్నాను.

మార్కులు పక్కన పెడితే, ఆ వయసుకు మన దగ్గర శ్రీకాళహస్తి కలంకారీ ఉంది, కలంతో గుడ్డ మీద బొమ్మలు వేసే పని. కలంకారీ అంటే చీర మీద డిజైన్ అనుకుంటారు మన పిల్లలు, అంగట్లో అచ్చేసిన బట్టకు కూడా ఆ పేరే చెబుతున్నారు మరి. నేను ఒక ఏడాది తొమ్మిదో తరగతితో అసలు పద్ధతిని మొదటి మెట్టు నుంచి చేయించాను. నాటుమందుల అంగట్లో కరక్కాయలు కొన్నాం. గంజి పోయేదాకా ఉతికిన నూలు గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదె పాలల్లో తడిపి ఎండేశాం. ఒక ముక్కను పాలు లేకుండా, వట్టి కరక్కాయ నీళ్లలోనే ముంచాం, తేడా చూద్దామని. పాత మేకులు, చిత్తూరు బెల్లం, నీళ్లు ఒక సీసాలో పోసి మూడు వారాలు పెట్టాం. దీన్ని కసింకారం అంటారు, నలుపు రంగు ఇదే. సీసా మూత గట్టిగా బిగించకండి. మేం బిగించాం. రెండో వారం రాత్రి అది సైన్సు ల్యాబులో పేలింది, పొద్దున అటెండరు ముక్కు మూసుకుని నన్ను పిలిచాడు. ఆ ల్యాబు మేడం మళ్లీ నాతో మాట్లాడటానికి సంక్రాంతి దాకా పట్టింది.

చింతపుల్లలు కాల్చి బొగ్గు చేసి గుడ్డ మీద గీసుకున్నాం. వెదురుపుల్ల మొన చెక్కి, దానికి ఉన్ని గుడ్డ చుట్టి దారంతో కట్టి కలం చేశాం. ఆ చుట్టిన గుడ్డ కసింకారాన్ని పీల్చుకుంటుంది, వేళ్లతో ఎంత నొక్కితే అంత దిగుతుంది. ఇక్కడ ఒక క్షణం ఉంది, దాని కోసమే ఇంత పొడుగ్గా రాశాను. సీసాలో ఉన్నంతసేపు ఆ నీళ్లు తుప్పు రంగులో పలచగా ఉంటాయి. కరక్కాయ పట్టిన గుడ్డకు తగలగానే నల్లబడతాయి. కరక్కాయలోని టానిన్, ఇనుము కలిసి ఆ పని చేస్తాయని కెమిస్ట్రీ సారు వచ్చి చెప్పారు. (ఆయన ఆ రోజు నా పీరియడ్ అడగలేదు, తనదే ఇచ్చారు. ఇలాంటివీ జరుగుతాయి.) పాలు పట్టని ముక్క మీద గీత పక్కలకు పాకింది. పాలు పట్టించిన దాని మీద వెంట్రుకలా నిలిచింది. పాలలోని కొవ్వు రంగును పాకనివ్వదు. ఎరుపు కావాల్సిన చోట పటిక నీళ్లు రాసి ఎర్ర వేర్లతో ఉడికిస్తే, పటిక ఉన్న చోటే ఎరుపు పట్టుకుంటుంది. అద్దకం గురించి చదవడానికి ఇంతకంటే మంచి రోజు రాదు. ఈ పనిలో జీవితం గడిపిన జొన్నలగడ్డ గురప్ప శెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది, ఆయనది మన శ్రీకాళహస్తే అని చెబితే సగం క్లాసు నమ్మలేదు.

శ్రీకాళహస్తి దారిలోనే ఏర్పేడు మండలం, అక్కడ మాధవమాల. కొయ్య మీద దేవుళ్లను చెక్కే ఊరు. అలాంటి ఇంటి నుంచి వచ్చిన పిల్లవాడికి నేను మట్టి ముద్ద ఇస్తే, నేను చెప్పేలోపే ఏనుగు తొండం తిరిగిపోయింది. వాడికి డ్రాయింగులో నేను బి వేసి ఉన్నాను, కాగితం మీద పెన్సిల్ సరిగా ఆడలేదని. గుడిమల్లంలో క్రీస్తుకు పూర్వం నాటిదని పండితులు చెప్పే శివలింగం ఉంది. చంద్రగిరిలో కొయ్య వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టిన రాజమహల్ ఉంది, దాని తోరణాల నీడలు సాయంత్రం నాలుగింటికి చూసి గీయాలి. ఎక్స్‌కర్షన్ అంటే ఊటీ, మైసూరు అంటారు. చంద్రగిరికి సిటీ బస్సు చాలు. సెల్ఫీలు దిగనివ్వండి, కానీ దిగాక అరగంట కూర్చోబెట్టి ఒక తోరణం గీయించండి.

ఆసక్తి ఉన్న ఒకరిద్దరికి దారి కూడా ఇక్కడే ఉంది. రాతి శిల్పం, కలంకారీ లాంటివి నేర్పే శిల్ప విద్యాలయం టీటీడీ ఆధ్వర్యంలో తిరుపతిలోనే నడుస్తోంది. కడపలో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. పదో తరగతి కౌన్సెలింగ్‌లో ఎంపీసీ, బైపీసీ తర్వాత ఈ రెండు పేర్లు కూడా ఒకసారి పలకండి.

పోటీల గురించి ఒక మాట. జడ్జిగా చాలా సార్లు కూర్చున్నాను. ‘పర్యావరణాన్ని కాపాడండి’ అంటే రెండు చేతుల్లో భూగోళం, దాని మీద మొక్క. వంద షీట్లలో తొంభై అవే, ఫోనులో చూసి దించినవి. కొన్ని చూడగానే వాళ్ల అన్నయ్య వేశాడని తెలిసిపోతుంది. వాటికే ప్రైజు ఇచ్చాను, నీట్‌గా ఉన్నాయి కాబట్టి. ఇప్పుడైతే పోటీలే వద్దంటాను. ఒక్కో పిల్లకు ఒక అట్ట ఫైలు పెట్టండి, ప్రతి బొమ్మ వెనక తారీఖు వేయించండి. జూలై బొమ్మ, ఫిబ్రవరి బొమ్మ పక్కపక్కన పెడితే గ్రేడు దానంతటదే కనిపిస్తుంది. ఆ పిల్లకు కూడా.

గోడలు. నాడు-నేడులో బళ్లకు మంచి రంగులు పడ్డాయి, కాదనను. కానీ చాలా బళ్లలో గోడల నిండా కార్టూన్ బొమ్మలు, పెద్ద పెయింటర్లు వేసినవి. పిల్లల చెయ్యి పడిన గోడ ఒక్కటీ కనిపించదు. వరండాలో ఒక్క గోడ, నడుము ఎత్తు వరకు, సున్నం కొట్టి వదిలేయండి. ఏడాదికోసారి మళ్లీ సున్నం కొడితే సరి.

డబ్బు అడగడం లేదని గమనించే ఉంటారు. బొగ్గు, ముగ్గుపిండి, ఎర్రమట్టి, పసుపు, సున్నం, పాత పేపర్లు, శుభలేఖలు. అడిగేది టైమ్. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు వారానికి రెండు పీరియడ్లు ఒకదాని వెంట ఒకటి కలిపి ఇవ్వండి. నలభై నిమిషాల్లో రంగులు కలిపేసరికే గంట కొడతారు. నో బ్యాగ్ డే శనివారాలు ఎటూ ఉన్నాయి, అక్కడైనా పెట్టండి. పెట్టాక ఎవరికీ ఇవ్వకండి. ఎస్‌ఏ ముందు వారం మాత్రం తీసుకోండి, నేను కూడా పిల్లల తల్లినే.

డ్రాయింగ్ టీచరు లేని బడి అయితే నన్ను పిలవండి. రిటైరైనట్టే ఉన్నాను, బస్ చార్జీలు నేనే పెట్టుకుంటాను. కుప్పం అయితే ముందు రోజు చెప్పాలి, పొద్దున్నే బయలుదేరాలి కాబట్టి. ఆ 84 కాగితాలు, ముందువి 42, తర్వాతవి 42, ఒక ఫైలులో పెట్టి తెస్తాను. స్టాఫ్ రూమ్ టేబుల్ మీద పరుద్దాం. ఆగస్టు పదిహేను ముందు మాత్రం వద్దు. వస్తే మళ్లీ థర్మాకోల్ చేతికిస్తారు.

ఇట్లు,
మీ పాత డ్రాయింగ్ మేడం,
తిరుపతి